నెమలికంఠం రంగు గీత

దక్కని వస్తువును మనిషి ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుంచుకుంటాడు?

శనివారం ఉదయం పది నలభైకి, కువైత్‌లోని దజీజ్‌లో సిరాజ్ గ్యారేజీ ముందు నిలబడి నన్ను నేను ఈ ప్రశ్న అడిగాను. గాజు తలుపు వెనక, ఏసీ హాల్లో, అమ్మకానికి పెట్టిన 1967 ఇంపాలా ఉంది. ఇరవై ఆరేళ్ల క్రితం, నేను కువైత్‌కు వచ్చిన తొలి ఏడాది, సాల్మియాలో ఒక భవనం కింద ఈ కారునే కడిగేవాణ్ని. పదకొండు నెలలు, ప్రతి ఉదయం. ఒక్కసారి కూడా లోపల కూర్చోలేదు. ఒకరోజు చేతిలోంచి బకెట్ జారి, వెనక ఎడమ మడ్‌గార్డ్ మీద బొటనవేలంత సొట్ట పడింది. యజమాని గమనించలేదు. నేను చెప్పలేదు.

ఇప్పుడు నేను సర్వేయర్‌ను. కొనేవాళ్ల తరఫున బండ్లను పరీక్షించి రిపోర్టు రాస్తాను. నా సంతకం ఉంటే బండి చేతులు మారుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ఇంపాలాను ఒక సౌదీ ఆసామి ప్రకటన చూసి ఇష్టపడ్డాడు. ఆ ప్రకటన చిన్నది: 'రెండు తలుపుల ఇంపాలా. కొత్త తరం 6.2 లీటర్ల వి-ఎయిట్ ఇంజన్ బిగించబడినది. ఏసీ కలదు. పాత ఇంజన్ లేదు. ఊరికే అడిగేవారు ఫోన్ చేయవద్దు.' మధ్యాహ్నం రెండింటికి ట్రైలర్ వస్తుంది. సాయంత్రానికి బండి సరిహద్దు దాటుతుంది. దానితో పాటు సాక్ష్యం కూడా.

ఏ విషయంలో సాక్ష్యమో నాకు ముందు రోజు సాయంత్రమే తెలిసింది.

సాల్మియా సముద్రం ఒడ్డున బెంచీ మీద ఒకామె నా కోసం ఎదురు చూసింది. పేరు మద్దమ్మ. రాజంపేట వైపు మనిషి. అక్కడికి దగ్గర్లోనే ఒక కువైతీ ఇంట్లో వంట చేస్తుంది. పదిహేను రోజులకొక శుక్రవారం సెలవు.

"కార్లు సూసే మునీంద్రన్న నువ్వేనా?"

"నేనే. కూర్చో. నీకు నా పేరెవరు చెప్పారు?"

"తెల్దున్నా. ఆ కారు అమ్ముతాండారని ఫోన్లో సూసి, ఆ నంబరుకు చేసినా. ఎవురో మనోడే. 'శనారం మునీంద్రన్న వస్తాండాడు బండి సూసేదానికి, ఆయన్నడుగు' అని నీ నంబరిచ్చి పెట్టేసినాడు."

ఆమె భర్త సిద్ధయ్య. సిరాజ్ గ్యారేజీలో మూడేళ్లుగా మెకానిక్. జూన్ పన్నెండు, గురువారం నాడు అతను పారిపోయాడని సిరాజ్ ఫిర్యాదు చేశాడు. వెళ్తూ వెళ్తూ ఇంపాలా నుంచి దించిన పాత ఇంజన్‌ను దొంగిలించాడని ఇంకొక ఫిర్యాదు. ఆ రోజు నుంచి సిద్ధయ్య ఫోన్ పలకలేదు.

"మోసుకోని పొయినాడంట. ఇంజనేమన్నా కొబ్బరికాయా అన్నా, సంకలో పెట్టుకోని పొయ్యేదానికి?" అంది. నవ్వబోయి ఆగిపోయింది. "ఆయన యాడన్నా ఉండాడంటే సాలు. జైల్లో ఉన్నా సరే. ఉండాడని తెలిస్తే సాలు."

ఇద్దరి మధ్య దూరం ముప్పై కిలోమీటర్లు. అతని గది మంగఫ్‌లో. ఆమె సెలవు శుక్రవారాల్లో అక్కడికి వెళ్లేది. అతనికి పని ఉంటే, గది కింద ఉన్న బకాలాలో, చిన్న కిరాణా కొట్టులో, సంచి వదిలి వచ్చేది. జూన్ పదమూడున అలాగే వదిలింది. నిమ్మకాయ ఊరగాయ, రెండు బనియన్లు, ఒక గోళ్ల రంగు సీసా.

"గోళ్ల రంగు ఎందుకు?"

"మా మామా, అదే మా కువైతీ ఇంటామె, వాడి పారేసేటివి నేను ఎత్తిపెడతా. ఆయన బోల్టు బిగిచ్చినంక దాంతో గీత గీస్తాడు. బోల్టు మీదినుంచి పక్క ఇనుము మీదికి. గీత ఇరిగితే బోల్టు వదులైనట్టంట. మామూలు పెయింటు ఈ ఎండకు నిలవదంట. అన్నాళ్లూ ఎరుపే ఇచ్చినా. ఈసారి నెమలికంఠం. మామా కూతురు పెండ్లికని తెప్పిచ్చి, నచ్చలేదని పడేసింది. నేనూ ఒగ గోరుకు ఏసుకున్నా, రంగెట్లుంటాదో సూద్దామని."

చెప్పు విడిచి కాలు కొంచెం ముందుకు జరిపింది. చిటికెన వేలి గోరు చివర ఆ రంగు ఇంకా ఉంది. ఆరు వారాల్లో గోరు పెరిగి, రంగు సగానికి తగ్గింది. ఫోటో తీసుకోవచ్చా అని అడిగాను. ఆమె తలూపి, ముఖం సముద్రం వైపు తిప్పుకుంది.

"ఆ సంచి ఆయనకు చేరిందా?"

"మల్లా పోతే ల్యా. ఎవురు తీస్కపొయినారో బకాలాయనకు తెల్దంట."

నేను ఆమెకు ఒక విషయం చెప్పలేదు. జూన్ పదహారున వేరే బండి పని మీద నేను ఆ గ్యారేజీకే వెళ్లాను. సిద్ధయ్య పారిపోయాడని సిరాజ్ అంటే, "మనవాళ్లు ఇంతే" అన్నాను. అతను ఎవరో తెలియదు, ఎందుకు వెళ్లాడో అడగలేదు. ఎదుటి మనిషిని తెలుసుకునే శ్రమ తప్పించుకోవడానికి ఆ రెండు మాటలు నాకు సరిపోయాయి.

*

తలుపు తీసింది మునాఫ్. గ్యారేజీ స్టోర్‌కీపర్, రాయచోటివాడు, యాభై దాటినవాడు. సిరాజ్ ఇంకా రాలేదు.

"ఇప్పుడిక్కడ ఎంతమంది పనిచేస్తున్నారు మునాఫ్?"

"నేను, పెయింటర్ అబ్దుల్ సలాం. ఇద్దరమే అన్నా."

"సిద్ధయ్యను చివరిసారి ఎప్పుడు చూశావు?"

"జూన్ పన్నెండు, బేస్తవారం. పొద్దున ఎనిమిదికి. ఆ తర్వాత ఖలాస్."

"అప్పటికి ఇంపాలా పని ఎంతయింది?"

"ఇంజను, గేర్‌బాక్సు కూర్చోబెట్టినాడు. రేడియేటరు, వైరింగు మిగిలుండె."

"అవి ఎవరు చేశారు?"

"ఎవురో మిస్రీ మెకానిక్, ఈజిప్టోడు, వచ్చి చేసిపోయినాడు."

"ఆయన పేరు?"

"గుర్తుకు లేదన్నా."

"పాత ఇంజన్ బరువెంత?"

"రెండున్నర క్వింటాళ్లుంటాది."

"ఫోర్క్‌లిఫ్ట్ నడిపేదెవరు?"

"నేనే."

"జూన్ పన్నెండున నడిపావా?"

"ల్యా."

"దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

మునాఫ్ చెయ్యి తనకు తెలియకుండానే నడుముకున్న తాళాల గుత్తి మీదికి వెళ్లింది. వెంటనే తీసేశాడు.

"సరే. ఇంపాలాను చివరిసారి ఎప్పుడు స్టార్ట్ చేశారు?"

"బుధవారం. ఫోటోలకి." అతను లిఫ్ట్ బటన్ దగ్గరికి నడిచి, నా వైపు చూడకుండా అన్నాడు. "అన్నా, నన్నేం అడగొద్దు. బండిని అడుగు."

బండిని అడిగాను.

మొదట వెనక ఎడమ మడ్‌గార్డ్ మీద అరచేయి పెట్టాను. ఇరవై ఆరేళ్లుగా ఆ సొట్ట ఎక్కడుందో నా చేతికి తెలుసు. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు. నునుపుగా ఉంది. నేను చెప్పకుండా వదిలేసిన తప్పును ఎవరో ఓపికగా సరిచేశారు. సొట్ట పోయినందుకు సంతోషించాలి. నాకెందుకో ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది.

పదకొండు ఐదుకు బండిని పైకి లేపించి కిందికి వెళ్లాను. ఇంజన్ ఆనుకునే బోల్టులు నాలుగు. నాలుగింటి మీదా ఎర్రటి సన్నని గీతలు. గేర్‌బాక్స్ కింద అడ్డుపట్టీకి ఆరు బోల్టులు, ఆరూ ఎరుపే. ఒక్క గీత కూడా విరగలేదు. జూన్ పన్నెండు లోపు జరిగిన పని ఇదే. మునాఫ్ అంతవరకు నిజమే చెప్పాడు.

బండిని దించి బానెట్ ఎత్తాను. రేడియేటర్ బోల్టుల మీద గీతలున్నాయి. బెల్టును బిగించే చక్రం మీద, వైర్ల కొసలు బాడీకి కలిసే చోట కూడా ఉన్నాయి. అన్నీ ఒకే రంగు. ఫోన్‌లో నిన్నటి ఫోటో తెరిచి పక్కన పెట్టాను. వంటమనిషి కాలి గోటి మీది రంగు, అమెరికన్ బండి బోల్టుల మీది రంగు ఒకటే. నెమలికంఠం.

ఆమె సంచి చేరింది. జూన్ పదమూడు తర్వాత కూడా సిద్ధయ్య ఈ బండి మీద పనిచేశాడు.

ఇంధనం గొట్టాన్ని పట్టి ఉంచే చివరి బోల్టు దగ్గర నా వేలు ఆగింది. అక్కడి గీత మిగతావాటికంటే మందంగా ఉంది. బొటనవేలితో అదిమాను. చర్మం అంటుకుంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటైన వాసన. రంగు పూర్తిగా ఆరలేదు. ఇంజన్ మీద అరచేయి ఆనించాను. వెచ్చగా ఉంది. సమయం పదకొండు ముప్పై నాలుగు.

ఆ గీత గీసిన చెయ్యి ఈ ఉదయం ఇక్కడే ఉంది.

*

"ఏం మునీంద్ర భాయ్, కారు చూస్తున్నవా, పూజ చేస్తున్నవా?"

సిరాజ్ పదకొండు యాభైకి వచ్చాడు. హైదరాబాద్ మనిషి. మంగఫ్‌లో ఆరేళ్లు ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఒకే ఆఫీసులో సర్వేయర్లుగా పనిచేశాం. మూడేళ్ల క్రితం అతను బయటికి వచ్చి, తనకు వీసా ఇచ్చిన కువైతీ కఫీల్ పేరు మీద ఈ గ్యారేజీ తెరిచాడు. సర్వేయర్ లైసెన్సు మాత్రం వదులుకోలేదు. తాను అమ్మే బండ్లకు తానే మంచి రిపోర్టులు రాసుకుంటాడు. ఈ బండికీ రాశాడు. దాని కింద నా సంతకం కోసం ఒక గీత ఖాళీగా ఉంచాడు.

"బుధవారం తర్వాత బండిని ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగాను.

"ఎవ్వలు ముట్టలే."

"ఇంజన్ వెచ్చగా ఉంది."

"కువైత్‌ల జులై నెల భాయ్. నీ చెప్పులు గూడ ఎచ్చగనే ఉంటయ్."

"ఈ హాల్లో ఇరవై రెండు డిగ్రీలు. బానెట్ చల్లగా ఉంది, దాని కింద ఇంజన్ వెచ్చగా ఉంది."

సిరాజ్ నవ్వు కొంచెం తగ్గింది. నేను గీతలు చూపించాను.

"ఇవి ఎవరివి?"

"మిస్రీ మెకానిక్‌వి."

"ఆయన గోళ్ల రంగుతో గీస్తాడా?" అంటూ ఫోన్‌లో కాలిగోటి ఫోటో చూపించాను.

"ఓహో. ఆమె నీ దగ్గరికి గూడ వచ్చిందా?" అతను మడ్‌గార్డ్ మీద చేతులానించి వంగాడు. "జర సోచ్‌కే చెప్పు. దునియాల గా రంగు ఒక్కామె దగ్గరనే ఉంటదా? పోలీసులకు చెప్తవా ఈ మాట? ఆడామె కాలిగోరు, నా కారు బోల్టు? నవ్వుతరు యార్."

అతను చెప్పింది నిజం. రంగు నాకు రుజువు, మరెవరికీ కాదు.

"సంతకం పెట్టకపోతే?"

"సెప్టెంబర్‌ల నీ ఇఖామా రెన్యువల్ ఉంది కదా. మీ కంపెనీ కఫీల్, నా కఫీల్ అన్నదమ్ముల బిడ్డలు. నాకు ఒక్క ఫోన్ పని." ఇఖామా లేనిదే నేను ఈ దేశంలో ఉండలేను. అతను గొంతు మార్చి, బండి తాళంచెవిని నా కళ్ల ముందు ఊపాడు. "దోస్త్‌వి గాబట్టి చెప్తున్న. రూముల ఎన్నిసార్లు అన్నవ్, ఆ ఇంపాలాల ఒక్కపారి కూసుంటే సాలని? నాకు ముచ్చట జెప్పి జెప్పి సంపినవ్. సంతకం పెట్టు. కూసో."

మన కోరిక ఒకరికి చెప్పుకోవడమంటే, మనల్ని కట్టేసే తాడును వాళ్ల చేతికివ్వడమే. ఆ గదిలో, ఆ రోజుల్లో, ఇదంతా ఆలోచించి చెప్పలేదు. అతను నా స్నేహితుడు.

పన్నెండున్నరకు మెస్ వ్యాన్ ఆగింది. డ్రైవర్ క్యారియర్లు గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. మూడు క్యారియర్లు.

మునాఫ్ గబగబా వచ్చి ఒకదాన్ని పక్కకు తీయబోయాడు.

"ఇద్దరు పనివాళ్లకు మూడెందుకు?" అన్నాను.

"మూడోది నాది," అన్నాడు సిరాజ్. "నేను తినొద్దా?"

మూత తీశాను. పప్పు, వంకాయ కూర, పెరుగు. మిగతా రెండూ చూశాను. కోడికూర, చారు.

ఆరేళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నాం. మాంసం లేనిదే సిరాజ్ అన్నం ముందు కూర్చోవడం నేను ఒక్కరోజు కూడా చూడలేదు. జ్వరం వచ్చిన రోజున కూడా.

మూత పెట్టి, కొనుగోలుదారుకు ఫోన్ చేసి వస్తానని చెప్పి బయటికి నడిచాను. ఎండలో గోడవారగా నిలబడి మద్దమ్మ నంబరు నొక్కాను. నాలుగో రింగుకు ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు.

"మామా ఈడనే ఉండాదన్నా, బిరీన సెప్పు."

"సిద్ధయ్య శనివారం నీసు తింటాడా?"

"ముట్టడు. పెండ్లయినప్పటి సంది శనారం ముట్టడు." గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "ఎందుకన్నా? కనపడినాడా?"

"ఫోన్ దగ్గర పెట్టుకో."

"అన్నా..."

పెట్టేశాను. తెలియని దానిమీద ఆశ పెట్టడానికి నాకు హక్కు లేదు.

వెనక్కి తిరిగితే ఎదురుగా మునాఫ్. చేతిలో మూడో క్యారియర్.

"బకాలాలో సంచి తీస్కపొయింది నేనే," అన్నాడు. "ఫోన్లో ఆయమ్మకు చెప్పింది గూడా నేనే. పాత ఇంజన్ సిరాజే అమ్ముకున్నాడు. సిద్ధయ్య వేరే కంపెనీకి మారతానంటే, పారిపోయినాడని కేసు పెట్టి, షెడ్డులో ఏసి తాళమేసినాడు. బయటికొస్తే నువ్వు దొంగవి, పోలీసులు పట్టుకుంటారు, లోపలుంటే నా ఉస్తాద్‌వి అంటాడు. పొద్దున తొమ్మిదికి పెట్రోలు కారతాందని ఈడికి పిల్చుకొచ్చి, పదిగంటలకే మల్లా తీస్కపొయినాడు."

"ఎక్కడికి?"

అతను సందు చివరికి చూశాడు. "ఎనక లైను. పద్నాలుగు షట్టర్లుండాయి. నంబరు చెప్పలేనన్నా. నేనూ సిరాజూ తప్ప ఆ నంబరు తెలిసినోడు లేడు, నేనే చెప్పినానని తెలిసిపోతాది. నాకూ ఇంట్లో పిల్లలుండారు."

గాజు తలుపు అవతల సిరాజ్ నా వైపే చూస్తూ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. గాజు అడ్డమున్నా మాట వినిపించింది, అతని గొంతు ఎప్పుడూ పెద్దదే: "గాడీ లావ్. అభీ. పీఛే వాలే షెడ్ పే."

అంటే వెనక షెడ్డుకు వ్యాన్ వస్తోంది. సిద్ధయ్యను మరోచోటికి మారుస్తారు. ఆ మరోచోటుకు మునాఫ్ దగ్గర తాళం ఉండదు, క్యారియర్ వెళ్లదు. ఇంకొక నలభై నాలుగు రోజులు, లేదా ఎన్నటికీ.

పోలీసుల అత్యవసర నంబరు 112కు ఫోన్ చేశాను. నా పేరు, సివిల్ ఐడీ నంబరు, వీధి చెప్పాను. ఒక మనిషిని తాళం వేసి ఉంచారని చెప్పాను. పెట్రోలింగ్ కారు పంపిస్తున్నామన్నారు. ఏ షెడ్డు అని అడిగారు. చెప్పలేకపోయాను.

నడిచి వెతికితే వ్యాన్ ముందు చేరుతుంది. మూసిన షట్టర్ల ముందు అరిస్తే, ఎవరి గొంతో తెలియక సిద్ధయ్య పలకకపోవచ్చు. నలభై నాలుగు రోజులుగా అతన్ని భయపెట్టిందే బయటి గొంతులు. అయితే ఒక గొంతు అతనికి తెలుసు. దాన్ని అతనే తయారు చేశాడు.

లోపలికి వెళ్లాను.

"సంతకం పెడతాను. రోడ్ టెస్ట్ అయ్యాక."

సిరాజ్ కళ్లు చిన్నవయ్యాయి. కానీ అతనూ సర్వేయరే. రోడ్ టెస్ట్ గడి ఖాళీగా ఉన్న రిపోర్టును ఏ కొనుగోలుదారూ తీసుకోడని అతనికి తెలుసు. పైగా, నన్ను పది నిమిషాలు బయటికి పంపడం ఆ క్షణంలో అతనికీ కావాలి.

తాళంచెవి విసిరాడు. "ఇరవై ఆరేండ్ల ముచ్చట. తీర్చుకో పో. పెద్ద రోడ్డు దాంక పోయిరా."

తలుపు తెరిచి కూర్చున్నాను. సీటు నేను ఊహించిన దానికంటే పల్లంగా ఉంది. స్టీరింగ్ సన్నగా, చల్లగా ఉంది. ఇన్నేళ్లు నేను కోరుకున్నది ఈ కారునా, లేక దీని పక్కన బకెట్‌తో నిలబడి, అన్నీ ముందున్నాయనుకున్న ఆ పాతికేళ్ల మనిషినా? జవాబు వెతికే సమయం లేదు. తాళం తిప్పాను. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. లోతైన, నిండైన శబ్దం. ఎక్కడా తడబాటు లేదు.

పెద్ద రోడ్డు వైపు తిరగలేదు. ఎడమకు తిప్పి వెనక లైనులోకి పోనిచ్చాను.

మొదటి షట్టర్ ముందు ఆపి, యాక్సిలరేటర్‌ను మూడుసార్లు అదిమాను. చప్పుడు రేకుల మీద పడి తిరిగొచ్చింది. జవాబు లేదు. రెండు. మూడు. నాలుగో షట్టర్ తెరిచే ఉంది. ఎవరో బంగ్లాదేశీ పనివాడు బయటికొచ్చి బండిని చూసి బొటనవేలు ఎత్తాడు. ఐదు, ఆరు, ఏడు. అద్దంలో, సందు మొదట్లో, తెల్ల వ్యాన్ మలుపు తిరుగుతోంది.

తొమ్మిదో షట్టర్. మూడుసార్లు అదిమాను. కిటికీలోంచి తల బయటపెట్టి, "సిద్ధయ్యా! మద్దమ్మ పంపింది!" అని అరిచాను.

తర్వాత లోపలి నుంచి, ఇనుము మీద ఇనుము. ఒకటి. రెండు. మూడు.

వ్యాన్ హారన్ మోగుతోంది. దాని వెనక సిరాజ్ పరుగెత్తుకొస్తున్నాడు, చెయ్యి ఊపుతూ. అతని చేతిలో నా సెప్టెంబర్ నెల ఉంది. నా చేతిలో రెండు టన్నుల బండి ఉంది. పోలీసులు వచ్చేదాకా ఈ బండి ఇక్కడి నుంచి కదలకూడదు. ఈ తలుపు నాకు తెలియకుండా తెరుచుకోకూడదు.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఇంపాలాను షట్టర్‌కు అడ్డంగా, క్రోమ్ బంపర్ రేకుకు బెత్తెడు దూరంలో నిలిపాను. ఇంజన్ ఆపాను. మొత్తం నాలుగు నిమిషాలు నడిపాను. తాళంచెవి జేబులో వేసుకుని, దిగి తలుపు మూశాను.

అప్పుడు మద్దమ్మకు ఫోన్ కలిపి, షట్టర్ కింద ఉన్న సందు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్‌ను లోపలికి తోశాను.